బీజడ్‌సీ తర్వాత ఆంత్రోపాలజీ పీజీ చేస్తే ఉద్యోగాలు ఉంటాయా?

మీరు అడిగింది ఇదీ: బీజడ్‌సీతో (వృక్ష, జంతు, రసాయన శాస్త్రాలు) డిగ్రీ అయిపోయింది, యూనివర్సిటీలో ఆంత్రోపాలజీ, అంటే మానవ శాస్త్రం పీజీ చేయాలని ఉంది, నాన్నగారేమో బీఈడీ చేసి డీఎస్సీ రాయమంటున్నారు, ఈ చదువుతో ఏం ఉద్యోగాలొస్తాయో ఎవరూ సరిగ్గా చెప్పడం లేదు. నేను విశాఖపట్నంలో ఆ పీజీయే చేశాను. అప్పటినుంచీ ఆ చదువు మీదే బతుకుతున్నాను. నాకు తెలిసింది చెబుతాను.

ముందు చేదు మాట. 'ఆంత్రోపాలజిస్ట్ కావలెను' అని ప్రకటన పడే ఉద్యోగాలు చాలా తక్కువ. మా బ్యాచ్‌లో చాలామందికి పనైతే దొరికింది గానీ, అన్నీ వేరే పేర్లతో: రీసెర్చ్ అసోసియేట్, సోషల్ స్పెషలిస్ట్, మానిటరింగ్ ఆఫీసర్, యూజర్ రీసెర్చర్. ఫలానా కోర్సు చదివితే ఫలానా ఉద్యోగం అనే లెక్క ఇక్కడ కుదరదు. ఆ అనిశ్చితి తట్టుకోలేని ఇంటి పరిస్థితి అయితే మీ నాన్నగారి మాటలో తప్పేమీ లేదు.

ఇక చదువు సంగతి. ఆంత్రోపాలజీ అంటే గిరిజనుల గురించి చదవడమే అని చాలామంది అనుకుంటారు. సిలబస్‌లో మనిషి పరిణామం, జన్యుశాస్త్రం, రక్తపు గ్రూపులు, వేలిముద్రలు ఒక పక్క ఉంటాయి. పెళ్లి, కుటుంబం, కులం, మతం, సంత, పోడు వ్యవసాయం ఇంకో పక్క ఉంటాయి. పురావస్తు శాస్త్రం, భాష కూడా కొంత తగులుతాయి. మీది బీజడ్‌సీ కాబట్టి మొదటి సగం మీకు నల్లేరు మీద నడకే. ఆర్ట్స్ నుంచి వచ్చిన వాళ్లు అక్కడే తడబడతారు.

ప్రాక్టికల్స్‌లో ఆంత్రోపోమీటర్ అనే పొడుగాటి రాడ్ ఇచ్చి ఒకరి ఎత్తు ఇంకొకరు కొలవమంటారు. వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. కానీ తల సరైన స్థితిలో ఉందో లేదో చూసుకోవాలి: చెవి రంధ్రం పై అంచు, కంటి గుంట కింది అంచు ఒకే మట్టంలో ఉండాలి. అది కుదరకపోతే ఒకే మనిషి ఎత్తు ఇద్దరు కొలిస్తే రెండు రకాలుగా వస్తుంది. మా మేడం ఒకే కొలత పదేపదే తీయించేవారు. అప్పుడు విసుగొచ్చేది. తర్వాత మా క్లాస్‌మేట్ ఒకమ్మాయి పోషకాహార సర్వేల్లో చేరింది. అంగన్‌వాడీ పిల్లల జబ్బ చుట్టుకొలత తీయడం ఆమె పనిలో భాగం. ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో అది 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువుంటే తీవ్ర పోషకాహార లోపం కింద లెక్క, 12.5 లోపుంటే ఒక మోస్తరు లోపం. టేపు కాస్త బిగించి పట్టుకుంటే చాలు, బాగానే ఉన్న పిల్ల కూడా జాబితాకి ఎక్కేస్తుంది. హైదరాబాద్‌లో తార్నాక దగ్గరున్న జాతీయ పోషకాహార సంస్థ లాంటి చోట్ల ఇలాంటి కొలతలు చేతనైన వాళ్లతో పని ఉంటుంది. మీ బీజడ్‌సీకి పనికొచ్చే దారి ఇది, గుర్తుపెట్టుకోండి.

కానీ ఈ చదువుకి ప్రాణం ఫీల్డ్‌వర్కే. మమ్మల్ని గోదావరి ఒడ్డున ఏజెన్సీలో కొండరెడ్లనే గిరిజన తెగ ఉండే ఊరికి పంపారు. బసేమో బడి వరండాలో. ఇంటింటికీ వెళ్లి వంశవృక్షాలు గీయాలి: మగవాళ్లకి త్రిభుజం, ఆడవాళ్లకి సున్నా, పెళ్లికి రెండు గీతలు, చనిపోయినవాళ్ల గుర్తు మీద కొట్టివేత. వయసు అడిగితే ఆధార్ కార్డు చూపించేవారు. చాలామందికి పుట్టినరోజు జనవరి 1. అది కార్డు రాసినవాళ్లు వేసిన తేదీ తప్ప మరేం కాదు. అందుకని 1986 వరదల్ని పట్టుకునేవాళ్లం. 'వరదొచ్చినప్పుడు నడుస్తున్నావా, పాకుతున్నావా, పెళ్లయిందా' అని అడిగితే వయసు దాదాపుగా తేలిపోయేది.

ఒక ముసలమ్మని 'పిల్లలెంతమంది అవ్వా' అని అడిగితే ముగ్గురని చెప్పింది. మూడు గుర్తులు గీసేశాను. పక్కింటావిడ చింతపండు గింజలు తీస్తూ, 'మరి ఆ మధ్యలో పోయినోళ్లో?' అంది. ముసలమ్మ కాసేపు ఊరుకుని, ఇంకా ఇద్దరి పేర్లు చెప్పింది. ఎంతమంది పిల్లలంటే బతికున్నవాళ్ల లెక్కే చెబుతారు. కాన్పులన్నీ వరసగా అడిగితే తప్ప పోయిన పిల్లలు కాగితం మీదకి రారు. ఒక్క పూటలో అయిపోవాల్సిన సర్వేలో ఆ పక్కింటావిడ ఉండదు కదా. నాకు ఈ రోజుకీ జీతం ఇస్తున్నది ఈ రకం పనే.

తెలుగువాళ్లకి ఇందులో ఒక సుళువు కూడా ఉంది. మేనమామ కూతురు వరస అవుతుంది, పిన్ని కూతురు చెల్లెలవుతుంది అని మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. బంధుత్వాల మీద అమెరికా పరిశోధకుడు లూయిస్ హెన్రీ మోర్గాన్ 1871లో వేసిన పెద్ద గ్రంథంలో తమిళంతో పాటు తెలుగు వరసల పట్టిక కూడా ఉంది. ఉత్తరాది క్లాస్‌మేట్లు కిందామీదా పడే బంధుత్వాల పేపర్ మనకి పెళ్లి సంబంధాల కబుర్లలా సాగిపోతుంది.

ఇప్పుడు ఉద్యోగాలు. ప్రభుత్వంలో మొదట చెప్పాల్సింది ఆంత్రోపలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా. 1945లో పెట్టారు, ప్రధాన కార్యాలయం కోల్‌కతా, మైసూరు, నాగపూర్ లాంటి చోట్ల ప్రాంతీయ కేంద్రాలున్నాయి. 1985లో మొదలైన 'పీపుల్ ఆఫ్ ఇండియా' ప్రాజెక్టు వీళ్లదే. దేశంలో నాలుగున్నర వేలకు పైగా సమూహాల వివరాలు సేకరించారు. (మా మావయ్య ఇప్పటికీ నేను తవ్వకాల శాఖలో పనిచేస్తున్నాననే అనుకుంటాడు. అది ఆర్కియలాజికల్ సర్వే, వేరే సంస్థ అని చెప్పడం మానేశాను.) పోస్టులు మాత్రం ఎప్పుడో గానీ పడవు. హైదరాబాద్‌లో గిరిజన సంక్షేమ శాఖ కింద పరిశోధన, శిక్షణ సంస్థ ఉంది. పాడేరు, రంపచోడవరం, ఉట్నూరు, భద్రాచలం లాంటి చోట్ల ఐటీడీఏలు (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థలు) ఉన్నాయి. వీటిలోనూ కాంట్రాక్టు పనులే ఎక్కువ. చెంచులు, కొలాములు, కొండరెడ్లు లాంటి మరీ వెనకబడిన తెగల కోసం 2023 నవంబర్‌లో కేంద్రం పీఎం జన్‌మన్ మొదలుపెట్టింది. అలాంటి పథకాలొచ్చినప్పుడల్లా సర్వేలకీ, మదింపులకీ మనుషులు కావాలి.

లెక్చరర్ కావాలంటే యూజీసీ నెట్‌లో ఆంత్రోపాలజీ విడిగా ఒక సబ్జెక్ట్. జేఆర్ఎఫ్ వస్తే నెలకి 37,000 రూపాయల ఫెలోషిప్‌తో పీహెచ్‌డీ చేసుకోవచ్చు. ఆ తర్వాత కష్టం. మన రెండు రాష్ట్రాల్లో డిగ్రీ కాలేజీల్లో ఈ సబ్జెక్ట్ పెద్దగా లేదు, కాబట్టి పోస్టులూ లేవు. పీహెచ్‌డీ చేసి ఏళ్ల తరబడి గెస్ట్ ఫ్యాకల్టీగా ఉండిపోయిన సీనియర్లు నాకు తెలుసు. ఈ దారి ఎవరికీ కళ్లు మూసుకుని చెప్పను.

సివిల్స్ గురించి ఎవరో ఒకరు మీకు చెప్పే ఉంటారు. 2017 సివిల్స్‌లో మొదటి ర్యాంకు వచ్చిన మెట్‌పల్లి అబ్బాయి అనుదీప్ దురిశెట్టి ఆప్షనల్ ఆంత్రోపాలజీయే. 2022లో మూడో ర్యాంకు ఉమాహారతి, 2023లో మూడో ర్యాంకు అనన్యారెడ్డి కూడా అదే తీసుకున్నారు. నిజమే, 500 మార్కుల ఆప్షనల్‌గా మనవాళ్లకి ఇది బాగా కలిసొచ్చింది. కానీ అనుదీప్ చదివింది ఇంజినీరింగ్! ఆప్షనల్ కోసం పీజీ అక్కర్లేదు. సివిల్స్ మీ లక్ష్యమైతే రెండేళ్లు యూనివర్సిటీలో కూర్చోకుండా నేరుగా ప్రిపరేషన్ మొదలుపెట్టడమే మేలు. 'సివిల్స్‌కి పనికొస్తుందిలే' అని మాత్రం పీజీలో చేరకండి.

నేను ఎక్కువకాలం చేసింది సామాజిక ప్రభావ అంచనాల పని. 2013 భూసేకరణ చట్టం ప్రకారం భూమి తీసుకునే ముందు ఎవరి బతుకులు ఎలా దెబ్బతింటాయో అధ్యయనం చేయాలి, దానికి చట్టం ఇచ్చిన గడువు ఆరు నెలలు. కాగితం మీద ఇది ఆంత్రోపాలజీ చదివినవాళ్ల కోసమే పుట్టిన పనిలా కనిపిస్తుంది. చేసేటప్పుడు వేరు. నేను పనిచేసిన ఒక కన్సల్టెన్సీ ఆ ఆరు నెలల పనిని మూడు వారాల్లో తెమల్చమనేది, పైగా జీతం రిపోర్టు ఆమోదం పొందాక ఇచ్చేది. పట్టా లేకుండా పోడు చేసుకునేవాడు, అడవిలో అడ్డాకులు ఏరుకునే ఆడమనిషి, ఊరి చెరువులో చేపలు పట్టేవాడు రికార్డులో ఎక్కడా కనిపించరు. వాళ్లని జాబితాలో చేర్చడానికే సగం గొడవలు. అయినా ఒక కుటుంబం పేరు చేరిందంటే వాళ్లకి పరిహారం వచ్చే అవకాశం ఉంటుంది. అందుకే ఆ పని వదల్లేదు, ఆ కన్సల్టెన్సీని వదిలేశాను.

ఈ చదువు సర్కారుకి ఎందుకు అక్కరకొస్తుందో చూడాలంటే కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో మార్లవాయి వెళ్లండి. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం చనిపోయాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం ఆస్ట్రియా నుంచి వచ్చిన ఆంత్రోపాలజిస్ట్ హైమన్‌డార్ఫ్‌ని పంపింది. ఆయన ఊళ్లో కాపురం పెట్టి, గోండుల భూములు ఎలా చేజారిపోయాయో రాశాడు, పట్టాలివ్వమన్నాడు, మార్లవాయిలో గోండు టీచర్లకి శిక్షణ కేంద్రం పెట్టించాడు. ఆ దంపతుల సమాధులు అక్కడే ఉన్నాయి. తుపాకీ పేలాక గానీ మనిషిని పంపలేదన్న విమర్శ నాకూ ఉంది, కానీ అది సర్కారు మీద.

కార్పొరేట్ వైపు కూడా దారి ఉంది. ఇంటెల్ కంపెనీ 1998లోనే జెనీవీవ్ బెల్ అనే ఆంత్రోపాలజిస్టుని తీసుకుంది, మనుషులు ఇళ్లల్లో కంప్యూటర్లని ఎలా వాడుతున్నారో చూడటానికి. ఇప్పుడు హైదరాబాద్, బెంగళూరుల్లో యూజర్ రీసెర్చర్ అనే ఉద్యోగాలున్నాయి. మా జూనియర్ ఒకతను పేమెంట్ యాప్ కోసం కిరాణా కొట్ల ముందు కూర్చుని నోట్స్ రాసుకుంటాడు. మా అందరిలో ఎక్కువ జీతం అతనిదే. అయితే ఇంగ్లిష్‌లో చకచకా రాయడం, ప్రెజెంటేషన్ ఇవ్వడం రావాలి. డిపార్ట్‌మెంట్‌లో అవి నేర్పరు, సొంతంగా నేర్చుకోవాలి. ఏ దారిలో వెళ్లినా ఇంకొక నైపుణ్యం జతచేసుకోండి: గణాంకాలు, మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్, లేదా కువి, కోయ, గోండి లాంటి ఒక భాష. అన్నిటికన్నా భాషకే ఎక్కువ ఓటేస్తాను, అది వచ్చినవాళ్లు మరీ తక్కువ.

చేరాలనుకుంటే ఆంధ్ర విశ్వవిద్యాలయానికీ, తిరుపతి ఎస్వీ యూనివర్సిటీకీ ఏపీ పీజీసెట్ రాయాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ. సీటు తీసుకునే ముందు డిపార్ట్‌మెంట్‌కి ఒకసారి వెళ్లి, ఫీల్డ్‌వర్క్‌కి ఎన్నాళ్లు పంపుతారు, ఖర్చెవరిది, పోయిన బ్యాచ్ ఎక్కడెక్కడ పనిచేస్తోంది అని సీనియర్లని అడగండి. ఫీల్డ్‌వర్క్ నాలుగు రోజుల విహారయాత్రలా మారిపోయిన చోట చేరొద్దు.

నాన్నగారితో మాట్లాడేటప్పుడు ఇదొకటి చెప్పండి. పీజీ చేశాక కూడా ఎడ్‌సెట్ రాసి బయాలజీ మెథడాలజీతో బీఈడీ చేసుకోవచ్చు, మీ బీజడ్‌సీ డిగ్రీ ఎక్కడికీ పోదు. మా బ్యాచ్‌లో ఇద్దరు అలాగే చేసి, ఇప్పుడు ఏజెన్సీలో ఆశ్రమ పాఠశాలల్లో సైన్స్ టీచర్లుగా ఉన్నారు.