పునరుత్థానం చనిపోయాక సంగతేనా?

"యేసు తిరిగి లేచాడని నమ్మితే మామూలు రోజుల్లో ఏం తేడా వస్తుంది? అది చనిపోయాక సంగతి కదా?" అని అడిగారు. నేను సికింద్రాబాద్‌లో పుట్టి పెరిగిన క్రైస్తవుణ్ణి. నన్నడిగితే తేడా మొదట తెలిసేది ఒంటి విషయంలోనే. ఆత్మ సంగతి తర్వాత.

సువార్తల్లో లేచిన యేసును చూడండి. తోమా అనే శిష్యుడికి చేతుల్లో మేకుల గుర్తులు చూపించాడు. రాత్రంతా వల వేసి అలసిపోయిన శిష్యుల కోసం తిబెరియ సముద్రం ఒడ్డున బొగ్గుల నిప్పు మీద చేపలు సిద్ధం చేసి, తినడానికి రమ్మన్నాడు. దేవుడు లేపింది గాయాలున్న ఒంటిని, ఆకలి తెలిసిన ఒంటిని. ఎన్ని ప్రసంగాలు విన్నా ఎక్కని ఈ మాట నాకు మా చిన్నమ్మ ఇంట్లో ఎక్కింది.

మా చిన్నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్. రిటైరయ్యాక పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. పోను పోను మనుషుల్ని గుర్తుపట్టడం కూడా పోయింది. చిన్నమ్మను ఎవరో నర్సమ్మ అనుకునేవాడు. ఆవిడ మాత్రం శనివారం సాయంత్రం అయ్యేసరికి ఆయనకు గడ్డం గీయాల్సిందే. నేను తల కదలకుండా పట్టుకునేవాణ్ణి. స్టీలు గిన్నెలో వేణ్ణీళ్లు, మెడ చుట్టూ పాత తువ్వాలు. పడిపోయిన వైపు చెంప వేలాడుతుంటే రేజర్ ఆడదు. బొటనవేలితో చర్మాన్ని చెవి వైపుకు లాగిపట్టి, పైనుంచి కిందికి కొంచెం కొంచెంగా గీసేది. పెదవి మూల చొంగ కారితే తుడిచి మళ్లీ నురగ పూసేది. పక్కన కుర్చీ మీద ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, ఆదివారం తొడగడానికి. చర్చికి వెళ్లడం మాట అటుంచి, ఆయన మంచం దిగే స్థితిలోనే లేడు.

ఒకసారి ఊరి నుంచి వచ్చిన బంధువు ఒకావిడ చూసి, "ఎందుకొదినా ఇంత అవస్థ? ఆయనకేమన్నా తెలుస్తుందా?" అంది. చిన్నమ్మ రేజర్ గిన్నెలో జాడిస్తూ, "తెలియకపోతే ఏమైందమ్మా? దేవుడు లేపబోయే ఒళ్లు ఇది. అప్పటిదాకా నాకు అప్పజెప్పాడు" అంది. మళ్లీ చెంప లాగిపట్టింది.

లాభనష్టాలు చూసుకుంటే ఆ గడ్డం గీయడం వల్ల ఎవరికీ ఒరిగేదేమీ లేదు. లేచే రోజు ఒకటుందని నమ్మిన మనిషే ఆ పని అంత శ్రద్ధగా చేయగలదని నా నమ్మకం.

ఇప్పుడు చాలా మీటింగుల్లో పునరుత్థాన శక్తి అంటే వీసా రావడం, ప్లాటు రిజిస్ట్రేషన్ కావడం. సాక్ష్యం చెప్పడానికి స్టేజీ ఎక్కేవాళ్లంతా బాగుపడ్డవాళ్లే. బాగుపడని మనిషి పక్కన ఏళ్ల తరబడి కూర్చున్నవాళ్లకు మైకు ఇవ్వరు. నాకు దీని మీద చాలా కోపం. డిసెంబరంతా ఇంటింటికీ నక్షత్రాలు కడతాం. గుడ్ ఫ్రైడే రోజు యేసు సిలువ మీద పలికిన ఏడు మాటలు వినడానికి 12 గంటల నుంచి 3 దాకా కదలకుండా కూర్చుంటాం. యేసు లేచిన ఈస్టర్ మాత్రం తెల్లవారుజామున ఒక ఆరాధన, మధ్యాహ్నం బిర్యానీ, అయిపోయింది. 1924లో ప్రతిష్ఠించిన మెదక్ కెథడ్రల్‌లోనూ అంతే, పేరున్న ఆ మూడు రంగుటద్దాల కిటికీల్లో జననం, సిలువ, ఆరోహణం ఉన్నాయి. ఖాళీ సమాధికి కిటికీ లేదు. మొదటి నుంచీ మనకు ఆ ఉదయం మీద శ్రద్ధ తక్కువే.

ఒక్క అలవాటు మాత్రం నాకు ప్రాణం. ఈస్టర్ రోజు చీకటితోనే సమాధుల తోటకు వెళ్లి, మనవాళ్ల సమాధి కడిగి, పూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగించడం. నారాయణగూడలో గానీ భోయిగూడలో గానీ ఆ వేళకు వెళ్లి చూడండి. రాతిమీద పేరును తడిగుడ్డతో తుడిచే వాళ్ల చేతులు చూస్తే మీ ప్రశ్నకు సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

మిగతా సగం బైబిల్లో అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో, అంటే ఉత్తరంలో ఉంది. 15వ అధ్యాయమంతా పునరుత్థానం గురించే. చివరి వచనంలో, కాబట్టి ప్రభువు కోసం మీరు పడే ప్రయాస వ్యర్థం కాదు అంటాడు. వెంటనే 16వ అధ్యాయం మొదలయ్యేది యెరూషలేములోని విశ్వాసుల కోసం పోగుచేసే చందాతో. ప్రతి ఆదివారం ఎవరి శక్తికొద్దీ వాళ్లు కొంత తీసిపెట్టమంటాడు. భూస్థాపనల దగ్గర 15వ అధ్యాయం చదివి బైబిల్ మూసేసే అయ్యగార్లందరికీ నా విన్నపం: దయచేసి ఇంకో నాలుగు వచనాలు చదవండి.