రెండొందల కార్డులు పంచినా ఒక్క ఫోనూ రాలేదు... ఎందుకు?

ప్రశ్న: విజయవాడలో బీబీఏ చివరి సంవత్సరం చదువుతున్నాను. మా నాన్నగారికి ఊరి శివార్లలో చిన్న అట్టపెట్టెల యూనిట్ ఉంది. చదువయ్యాక అందులోనే చేరి మార్కెటింగ్ చూసుకోవాలనుకుంటున్నాను. మొన్న హైదరాబాద్‌లో ప్యాకేజింగ్ ఎక్స్‌పోకి ఇద్దరం వెళ్లాం. రెండు రోజుల్లో 200 విజిటింగ్ కార్డులు పంచి, 60 దాకా తెచ్చుకున్నాను. నెల దాటినా ఒక్క ఫోనూ రాలేదు. ‘పెద్ద కాలేజీలో ఎంబీఏ చేస్తేగానీ పరిచయాలు పెరగవు’ అంటున్నారు బంధువులు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ 60 కార్డులూ బల్ల మీద పరచి మూడు కుప్పలు చేయండి. మీకు సరుకు అమ్మేవాళ్లు, అంటే క్రాఫ్ట్ పేపర్, జిగురు, ఇంకు, మిషన్ల వాళ్లు ఒక కుప్ప. మీలాగే పెట్టెలు చేసేవాళ్లు రెండో కుప్ప. పెట్టెలు కొనేవాళ్లు మూడోది. ఆ మూడో కుప్పలో నాలుగైదు కార్డులకు మించి ఉండకపోవచ్చు. ఫోన్ రాకపోవడానికి అసలు కారణం అదే. ప్యాకేజింగ్ ఎక్స్‌పోలో స్టాల్ పెట్టేది ఎక్కువగా మీకు అమ్మేవాళ్లే. కొనే కంపెనీల పర్చేజ్ వాళ్లూ వస్తారు గానీ, ఆ జనంలో వాళ్లెవరో మీకెలా తెలుస్తుంది? పేపర్ రేట్లు, కొత్త మిషన్లు తెలుసుకోవడానికి అక్కడికి నాన్నగారిని వెళ్లనివ్వండి. మీరు వెళ్లాల్సినవి ఫుడ్, ఫార్మా, ఆక్వా ఎక్స్‌పోలు. పెట్టె కొనేవాళ్లు అక్కడ తమ సరుకు ముందు పెట్టుకుని, పేరు బోర్డు కింద కూర్చుని ఉంటారు. వెతికే పనే లేదు.

హైదరాబాద్‌లోని ఎగ్జిబిషన్ కేంద్రం హైటెక్స్‌లో ఏయే ఎక్స్‌పోలు ఎప్పుడున్నాయో వాళ్ల వెబ్‌సైట్‌లోనే చూసుకోవచ్చు. చాలా ఎక్స్‌పోలు స్టాళ్ల జాబితాను ముందే పెడతాయి. అందులోంచి 15 పేర్లు రాసుకోండి. అన్నీ పెద్ద కంపెనీలే రాయకండి, వాళ్లకు ఏడాది కాంట్రాక్టులుంటాయి. మీ యూనిట్‌కు లారీ కిరాయి కలిసొచ్చే దూరంలో ఉన్నవాళ్లే ముఖ్యం: గుంటూరు కారం పొడుల వాళ్లు, భీమవరం వైపు రొయ్యల ప్రాసెసింగ్ వాళ్లు, విదేశాలకు పచ్చళ్లు కొరియర్ చేసేవాళ్లు. అట్టపెట్టె బరువు తక్కువ, చోటు ఎక్కువ. దూరం పెరిగితే లాభం కిరాయికే పోతుంది. రోజుకు ఎనిమిది మందితో సరిగ్గా మాట్లాడగలిగితే చాలు. ప్రారంభోత్సవం పూట, ఆఖరి రోజు మధ్యాహ్నం తర్వాత వెళ్లకండి. ఒక పూట హడావుడి, ఇంకో పూట సామాన్ల సర్దుడు. రెండో రోజు పొద్దున అన్నిటికంటే మంచిది.

వెంట మూడు శాంపిళ్లే పట్టుకెళ్లండి: ఒకటి మూడు ప్లై (మూడు పొరల అట్ట), ఒకటి ఐదు ప్లై, ఒకటి లోపల గళ్లున్న సీసాల పెట్టె. ప్రతిదాని మీదా లోపలి కొలతలు మిల్లీమీటర్లలో, పేపర్ జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో), బీఎఫ్ (ఎంత ఒత్తిడికి చిరగకుండా ఆగుతుందో చెప్పే అంకె), ఎన్ని కిలోలు మోస్తుందో చీటీ అంటించి ఉండాలి. ఒక కొలత టేపు కూడా ఉంచుకోండి. వాళ్లు వాడుతున్న పెట్టెను వాళ్ల ముందే కొలిస్తే, పని తెలిసిన మనిషి వచ్చిందని వాళ్లకే అర్థమవుతుంది.

స్టాల్ దగ్గర కొనుగోలుదారు ఎవరైనా ఉంటే పక్కకు తప్పుకుని ఆగండి. వాళ్లు లక్షలు పోసి స్టాల్ పెట్టింది అమ్ముకోవడానికి. ఆ బేరానికి అడ్డొస్తే మీ మాట వినేవాళ్లుండరు. మాట మొదలుపెట్టేటప్పుడు ‘మేం పెట్టెలు చేస్తాం, కావాలా?’ అని అడగకండి. వాళ్ల సరుకు గురించి అడగండి. ‘ఫ్రీజర్ లోంచి తీశాక కింది వరస పెట్టెలు నలుగుతున్నాయాండీ?’ అని రొయ్యల వాళ్లను అడిగి చూడండి. కాగితం చెమ్మ పీలిస్తే బలం పోతుంది, పై పెట్టెల బరువంతా కింది వరస మీద పడుతుంది. ఆ ఇబ్బంది ఉన్నవాళ్లు తప్పకుండా మాట కలుపుతారు. అప్పుడు ఎన్ని వరసలు పేరుస్తారో, ఎన్నాళ్లు నిల్వ ఉంచుతారో అడగండి.

ఇంకో సంగతి. స్టాల్‌లో నిలబడేది అమ్మకాల మనిషి, పెట్టెలు కొనే మనిషి కాదు. ఆయన చేతిలో కార్డు పెట్టి వచ్చేస్తే అది ఆయన జేబులోనే ఉండిపోతుంది. ‘మీ దగ్గర పెట్టెల పని చూసేదెవరండీ? ఎప్పుడు ఫోన్ చేస్తే వీలుంటుంది?’ అని అడిగి, పేరు రాసుకుని మరీ కదలండి. ఆర్డర్ గురించి అక్కడ ఎత్తొద్దు.

స్టాల్ దాటిన వెంటనే, రెండో స్టాల్‌కి వెళ్లకముందే, వాళ్ల కార్డు వెనక రాయండి. ఇలా: ‘ఆవకాయ అరకిలో సీసా, పెట్టెకు 12. ఐదు ప్లై. ఇప్పుడు హైదరాబాద్ నుంచి వస్తున్నాయి, ఆలస్యం. పర్చేజ్ ఆయనకు మంగళవారం 11 తర్వాత.’ నున్నగా లామినేషన్ చేసిన కార్డు మీద పెన్ను పడదు కాబట్టి చిన్న నోటుపుస్తకం ఉంచుకోండి. మీ కార్డు మాత్రం వెనకవైపు తెల్లగా వదిలి మామూలు కాగితం మీదే వేయించండి, ఎదుటివాళ్లూ రాసుకుంటారు.

ఎక్స్‌పో అయ్యాక వచ్చే పది రోజులే ఎక్కువమంది పోగొట్టుకునేవి. 48 గంటల్లోపు ఒక వాట్సాప్ మెసేజ్ పెట్టండి. ఎక్కడ కలిశారో, ఏ ఇబ్బంది గురించి మాట్లాడుకున్నారో, ఎప్పుడు ఫోన్ చేస్తారో, మూడు వాక్యాలు చాలు. క్యాటలాగ్ పీడీఎఫ్ పంపకండి, దాన్ని తెరిచేవాళ్లు తక్కువ. చెప్పిన రోజున ఫోన్ చేయండి. పదో రోజు లోపు వాళ్ల సీసాకు, వాళ్ల ప్యాకెట్‌కు సరిపోయే రెండు శాంపిల్ పెట్టెలు చేయించి, మీరే పట్టుకెళ్లి ఇవ్వండి. మూడుసార్లు కదిపినా ఉలుకూ పలుకూ లేకపోతే నొచ్చుకోకండి. మూడు నెలలకోసారి పలకరించే జాబితాలో వేసుకోండి. కొన్నిచోట్ల పాత సప్లయర్ సరుకు ఆలస్యం చేసిన రోజే మీకు పిలుపొస్తుంది.

ఎక్స్‌పో ఏడాదికి రెండు చాలు. పరిచయం గట్టిపడేది పదే పదే కలిసే చోట. మీ పారిశ్రామికవాడ అసోసియేషన్ సమావేశాలకు నాన్నగారి బదులు మీరు వెళ్లడం మొదలుపెట్టండి, ఖర్చు లేని పని. కేంద్ర సూక్ష్మ, చిన్న, మధ్య తరహా పరిశ్రమల (ఎంఎస్ఎంఈ) శాఖ వెండర్ డెవలప్‌మెంట్ కార్యక్రమాలు ఎప్పుడున్నాయో జిల్లా పరిశ్రమల కేంద్రంలో కనుక్కోండి, ప్రభుత్వ రంగ సంస్థల కొనుగోలు అధికారులు వాటికి వస్తారు. ఆ సంస్థలు ఏటా కొనేదాంట్లో 25 శాతం సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచి, ఆ 25లోనే భాగంగా మొత్తం కొనుగోళ్లలో 3 శాతం మహిళల యూనిట్ల నుంచి కొనాలని నిబంధన ఉంది. చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదయ్యే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ లేకపోతే ముందు అది చేయించండి, పైసా ఖర్చు లేదు.

బీఎన్ఐ లాంటి వారం వారం కలిసే బృందాల్లో ఒక చాప్టర్‌లో, అంటే ఒక స్థానిక బృందంలో, ఒక వృత్తికి ఒక్కరినే తీసుకుంటారు, అది మీకు మేలే. కానీ సభ్యత్వ రుసుము ఉంటుంది, హాజరు పట్టింపూ ఎక్కువ. పరీక్షలయ్యేదాకా చేరకుండా, అతిథిగా ఒకసారి వెళ్లి చూడండి. అక్కడ మీ పెట్టెలు కొనేవాళ్లో, కొనేవాళ్లను చూపించేవాళ్లో ముగ్గురైనా లేకపోతే చేరొద్దు.

కొత్త పరిచయం ఆర్డర్‌గా మారిన రోజున వాళ్ల జీఎస్టీ నంబర్ పోర్టల్‌లో సరిచూడండి, మొదటి ఆర్డర్‌కు సగం అడ్వాన్స్ అడగండి. చట్టం ప్రకారం చిన్న పరిశ్రమకు 45 రోజుల్లోపు డబ్బు చెల్లించాలి. ఆ గడువును కొటేషన్‌లోనే రాయండి. మీ భద్రత కోసం ఇంకో జాగ్రత్త: కార్డు మీద సొంత నంబర్ కాకుండా యూనిట్ నంబరే వేయించండి. ఫ్యాక్టరీలకు పగటి పూటే వెళ్లండి, మొదటిసారి సూపర్‌వైజర్‌ను వెంటబెట్టుకుని.

ఇక ఎంబీఏ. ఫైనాన్స్, కాస్టింగ్ నేర్చుకోవాలనుంటే చేయండి, మంచి చదువే. పరిచయాల కోసమే అయితే ఇప్పుడొద్దు. మీ క్లాసులో పక్కన కూర్చునేవాళ్లకు కంపెనీలో కొనుగోళ్లు నిర్ణయించే కుర్చీ దక్కడానికి చాలా ఏళ్లు పడుతుంది. ఏడాది యూనిట్‌లో పనిచేసి, మీకేం రాదో తెలిశాక చేరితే చదువూ బాగా ఒంటబడుతుంది.

ఈ ఏడాదికి మొదటి పని నూజివీడు. మామిడి మార్కెట్‌కి రావడం మొదలయ్యాక పెట్టెల మాట ఎత్తితే అప్పటికే ఎవరి ఏర్పాట్లు వాళ్లు చేసుకుని ఉంటారు. పూత మీద ఉన్నప్పుడే, జనవరి, ఫిబ్రవరిలో, గాలి రంధ్రాలున్న శాంపిల్ పెట్టె ఒకటి చేయించుకుని ఐదుగురు ప్యాకింగ్ వాళ్లను కలిసి రండి.