సెరటోనిన్ సిద్ధాంతం తప్పయితే మాత్రలు మానేయొచ్చా?

ప్రశ్న: నా వయసు 38. మాది చిత్తూరు దగ్గర పల్లె, పాడి ఆవులున్నాయి. మొదటిసారి డిప్రెషన్ వస్తే పది నెలలుగా ఎస్సిటాలోప్రామ్ 10 మి.గ్రా. వాడుతున్నాను. మూడో నెల నుంచి బాగున్నాను. మెదడులోని సెరటోనిన్ అనే రసాయనం తగ్గడం వల్ల డిప్రెషన్ వస్తుందనేది అబద్ధమంటూ మా మరిది ఒక వీడియో చూపించాడు. మాత్ర ఆపేసి ఐదు రోజులైంది. మూడో రోజు నుంచే తల తిరుగుతోంది, తలలో కరెంటు కొట్టినట్టు జివ్వుమంటోంది, ఊరికే ఏడుపొస్తోంది. జబ్బు తిరగబెట్టిందా?
- ఒక పాఠకురాలు

జవాబు: తిరగబెట్టినట్టు లేదు. మాత్ర ఉన్నట్టుండి ఆపినందుకు వచ్చిన బాధలివి. ఆపిన రెండు మూడు రోజుల్లో మొదలై, మళ్లీ వేసుకుంటే త్వరగా సర్దుకుంటే అది మందు మానిన ప్రభావమే. జబ్బు తిరగబెడితే వారాల మీద మెల్లగా వస్తుంది. తెల్లవారుజామునే మెలకువ వచ్చేస్తుంది, తిండి సయించదు, దేనిమీదా మనసు పోదు. తలలో కరెంటు కొట్టినట్టుండటం డిప్రెషన్ లక్షణం కాదు. మీ డాక్టరుకు ఈరోజే ఫోన్ చేసి చెప్పి, పాత మోతాదు మళ్లీ మొదలుపెట్టండి.

ఇక వీడియో సంగతి. అందులో సగం నిజమే. డిప్రెషన్ ఉన్నవాళ్లలో సెరటోనిన్ తగ్గిందనడానికి నిలకడైన ఆధారం లేదని బ్రిటన్ మానసిక వైద్యురాలు జోఆనా మాంక్రీఫ్ బృందం 2022లో ‘మాలిక్యులర్ సైకియాట్రీ’ పత్రికలో తేల్చింది. పరిశోధకులకు ఇదేమంత కొత్త కాదు. మాత్ర వేసుకున్న కొన్ని గంటల్లోనే మెదడు కణాల మధ్య సెరటోనిన్ పెరుగుతుంది, మనసు తేలికపడటానికి మాత్రం రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. లోటు పూడ్చడమే పని అయితే అంత ఆలస్యమెందుకు? అసలు ఆ ఊహ పుట్టిందే మందుల నుంచి. 1950లలో క్షయకు ఇచ్చిన ఇప్రోనయాజిడ్‌తో కొందరు రోగులు హుషారయ్యారు. సర్పగంధ నుంచి తీసిన రిసర్పిన్‌ను బీపీకి వాడితే కొందరు దిగులులో పడ్డారు. మందు చేసే పనిని చూసి జబ్బుకు కారణం ఊహించారన్నమాట.

కారణం ఒక్కటి కాదు. కవలల అధ్యయనాల ప్రకారం వంశపారంపర్యం వాటా సుమారు 37 శాతం. అదీ ఒక్క జన్యువుది కాదు. 2019లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో 102 జన్యు స్థానాలు బయటపడ్డాయి, ఒక్కోదాని ప్రభావం అతి స్వల్పం. హెపటైటిస్-సికి ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు తీసుకున్నవారిలో చాలామందికి డిప్రెషన్ వచ్చింది కాబట్టి రోగనిరోధక వ్యవస్థకూ మనసుకూ లంకె ఉంది. చిన్నతనంలో పడ్డ కష్టాలు, తెగని ఒత్తిడి సరేసరి. థైరాయిడ్, బి12 తగ్గినా లక్షణాలు ఇలాగే ఉంటాయి. టీఎస్‌హెచ్ (థైరాయిడ్), బి12, హిమోగ్లోబిన్ పరీక్షలు ఇంతవరకు చేయించకపోతే చేయించండి.

మందు పనిచేస్తుందా అన్నది వేరే ప్రశ్న. 2018లో ‘లాన్సెట్’లో వచ్చిన విశ్లేషణలో 522 ప్రయోగాలు, 1,16,477 మంది వివరాలు చూస్తే 21 డిప్రెషన్ మందులూ ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగని తేలింది. తేడా మరీ పెద్దది కాదు, ఆ మాట మందుల కంపెనీలు గట్టిగా చెప్పవు. 2021లో బ్రిటన్‌లో, చాన్నాళ్లుగా మందు వాడుతూ బాగున్నవారి మీద చేసిన ప్రయోగంలో, ఆపినవారిలో ఏడాదిలోపు 56 శాతానికి జబ్బు తిరగబెట్టింది, కొనసాగించినవారిలో 39 శాతానికి.

బాగయ్యాక ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడమంటాం. మీరు ఆ గడువులోనే ఉన్నారు కాబట్టి డాక్టరుతో మాట్లాడి మెల్లగా ఆపొచ్చు. 5 మి.గ్రా. నాలుగు వారాలు, తర్వాత 5 మి.గ్రా. మాత్రలో సగం మరో నాలుగు వారాలు. కష్టం చివరి మెట్టులోనే. 5 మి.గ్రా. కూడా సెరటోనిన్‌ను కణంలోకి వెనక్కి లాగే ద్వారాల్లో సగానికి పైగా మూసి ఉంచుతుంది. అందుకే 10 నుంచి 5కి దిగినప్పటికంటే చివరి సగం మాత్ర మానేటప్పుడు కుదుపు ఎక్కువ. తల తిరిగితే అంతకుముందు మోతాదుకు తిరిగి వెళ్లి ఇంకో రెండు వారాలు ఆగండి. రోజు విడిచి రోజు మాత్రం వేసుకోవద్దు. రక్తంలో ఈ మందు దాదాపు 30 గంటలకు సగమవుతుంది, 48 గంటలకు మూడో వంతే మిగులుతుంది. గంగజాతర హడావుడిలో, నిద్ర చెడే రోజుల్లో తగ్గించడం మొదలుపెట్టొద్దు. ఈ మాత్రలతో పాటు నొప్పులకు డైక్లోఫెనాక్ సొంతంగా కొనుక్కుని వేసుకుంటే కడుపులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.

చావు ఆలోచనలు వస్తే ఆగొద్దు. టెలీ మానస్ 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. లేదా ఎవరినైనా తోడు తీసుకుని తిరుపతి రుయా ఆసుపత్రికి వెళ్లండి. వాడుతున్న మాత్రల అట్ట వెంట తీసుకెళ్లండి.