గ్లైడర్‌కి ఇంజన్లు బిగిస్తే ఏమైంది: ఎంఈ 323 గిగాంట్

రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్లు ఒక గ్లైడర్‌కి, అంటే ఇంజన్ లేని విమానానికి, ఇంజన్లు పెట్టి రవాణా విమానం చేశారట, అది పనికొచ్చిందా అని అడిగారు. పనికొచ్చిందండీ. దాన్ని ముంచింది వాడిన చోటు.

నేను ఎయిర్‌ఫోర్స్‌లో చాలా ఏళ్లు ఏఎన్-32 రవాణా విమానాల్లో లోడు ఎక్కించినవాణ్ణి. చండీగఢ్‌లో తెల్లవారుజామున లేహ్ వెళ్లే సరుకు సర్దేవాళ్లం. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నా ఒక్కో చైనూ బిగించి, లాగి చూసి, మళ్లీ బిగించాలి. బరువు కాస్త వెనక్కి పడితే విమానం తోక మీద కూర్చుంటుంది. అందుకే ఏ రవాణా విమానం గురించి చదివినా నా కళ్లు ముందు తలుపు మీదికి, తర్వాత పేలోడ్ మీదికి, అంటే అది మోసే సరుకు బరువు మీదికి పోతాయి.

1940లో ఇంగ్లండ్ మీద దండెత్తాలనుకున్నప్పుడు ట్యాంకులు దింపడానికి మెసర్‌ష్మిట్ విమాన కంపెనీ వాళ్లు మొదలుపెట్టిన గ్లైడర్ ఎంఈ 321. రెక్కల నిడివి 55 మీటర్లు. ఉక్కు గొట్టాలు, చెక్క, పైన గుడ్డ, అంతే. 20 టన్నులకు పైగా మోసేది. కానీ దాన్ని పైకి లేపడమే ప్రాణాంతకం. మూడు బీఎఫ్ 110 విమానాలు పక్కపక్కనే ఎగురుతూ తాళ్లతో లాగేవి. ఒక్కటి తడబడితే అన్నిటికీ ముప్పే. ఆ తర్వాత రెండు హైంకెల్ 111 బాంబర్లను కలిపి కుట్టినట్టు ఒకటి చేసి, మధ్యలో ఐదో ఇంజన్ పెట్టి మరీ లాగించారు.

లాగే బాధ వదలాలనే ఇంజన్లు పెట్టారు. ఫ్రెంచి వాళ్ల నోమ్-రోన్ ఇంజన్లు ఆరు. కింద పది చక్రాలు. అదే ఎంఈ 323, గిగాంట్. ఇంజన్లు, పెట్రోలు, గట్టిపరిచిన రెక్కలు తమ వాటా తాము తీసుకున్నాయి. పేలోడ్ సగానికి, అంటే 10-12 టన్నులకు పడిపోయింది. నిండా ఎక్కిస్తే నేల విడవడానికి ఒక్కోసారి రాకెట్ల సాయం కావాల్సి వచ్చేది.

అయినా ఆ ముక్కు చూడండి! రెండు పెద్ద తలుపులు చెరో పక్కకీ తెరుచుకుంటాయి, లారీ తిన్నగా లోపలికి నడిచిపోతుంది. ఫ్లైట్ ఇంజనీర్లిద్దరూ రెక్కల్లోనే చిన్న గదుల్లో కూర్చుని, చెరి మూడు ఇంజన్లు చూసుకునేవారు. లోడు ఎక్కించేవాడి కష్టం తెలిసినవాళ్లే ఆ ముక్కు గీశారని నాకు గట్టి నమ్మకం.

1943 ఏప్రిల్ 22న, ఉత్తర ఆఫ్రికాలోని ట్యునీషియాలో చిక్కుకున్న తమ సేనల కోసం 27 గిగాంట్లు సముద్రం దాటుతున్నాయి. గంటకు 220 కిలోమీటర్ల లోపు నడక, గుడ్డ ఒళ్లు, కడుపునిండా సరుకు. మిత్రరాజ్యాల ఫైటర్లు మీద పడ్డాయి. చాలా భాగం తిరిగి రాలేదు. లోపలున్నవాళ్లకి తప్పించుకునే దారేది? ఆ రోజు గురించి చదివినప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టుంటుంది. శత్రు ఫైటర్లు తిరిగే ఆకాశంలోకి అంత నెమ్మది బండిని పట్టపగలు పంపడం తప్పు. ఆ తప్పు విమానానిది కాదు.

పూర్తి గిగాంట్ ఈ రోజు ఏ మ్యూజియంలోనూ లేదు. మా అబ్బాయి బెర్లిన్‌లో ఉంటాడు. వాడి దగ్గరికి వెళ్లినప్పుడు అక్కడి గాటో విమాన మ్యూజియంలో దీని ప్రధాన రెక్క దూలం చూశాను. ఉక్కు గొట్టాల జాలీ. ఒక్కో అతుకు దగ్గరా వంగి, వెల్డింగ్ చూసుకుంటూ ఆ చివరిదాకా నడిచాను. మా అబ్బాయి రెండుసార్లు పిలిచాడట, నాకు వినపడలేదు.