జార్ లిబ్ ఫోల్డర్‌లోనే ఉంది, అయినా "ప్యాకేజ్ డజ్ నాట్ ఎగ్జిస్ట్"

కంపైల్ చేయడానికి మీరు ఇచ్చిన కమాండ్ "జావాక్ -సీపీ లిబ్ రిపోర్ట్.జావా". కామన్స్ లాంగ్ అనే జావా లైబ్రరీ జార్ (క్లాస్ ఫైళ్లను కట్టగట్టిన ఫైల్) లిబ్‌లోనే ఉన్నా ఇంపోర్ట్ లైన్ దగ్గర ఎర్రర్ వస్తోందన్నారు. మీ కోడ్‌లో తప్పు లేదు, ఇంపోర్ట్‌ని కదపకండి.

క్లాస్‌పాత్‌లో, అంటే -సీపీ తర్వాత ఇచ్చే వెతకాల్సిన చోట్ల జాబితాలో, ఉత్త ఫోల్డర్ పేరు ఇస్తే జావాక్ (జావా కంపైలర్) అందులో విడి క్లాస్ ఫైళ్లనే వెతుకుతుంది, జార్‌లను తెరిచి చూడదు. పేరు తర్వాత స్లాష్, స్టార్ పెట్టాలి: "లిబ్/*". ఈ కోట్స్ తప్పనిసరి. లినక్స్‌లో కోట్స్ లేకపోతే షెల్ (మీ కమాండ్‌ని ముందుగా చదివే ప్రోగ్రామ్) ఆ స్టార్‌ని జార్ పేర్లుగా విడదీస్తుంది; మొదటి జార్ మాత్రమే క్లాస్‌పాత్‌కి వెళ్తుంది, రెండోదాన్ని జావాక్ క్లాస్ పేరనుకుని ఇంకో ఎర్రర్ ఇస్తుంది. ఒకే జార్ ఉన్నప్పుడు పనిచేసి, రెండోది చేర్చగానే ఆగిపోయేది అందుకే. సబ్‌ఫోల్డర్లలోని జార్‌లను స్టార్ పట్టించుకోదు.

రన్ చేసేటప్పుడు కూడా -సీపీ ఇవ్వాలి, లేదంటే "నో క్లాస్ డెఫ్ ఫౌండ్ ఎర్రర్" వస్తుంది. -సీపీ ఇచ్చారంటే ప్రస్తుత ఫోల్డర్ దానంతటది చేరదు, చుక్క మీరే పెట్టాలి: లినక్స్‌లో "లిబ్/*:.", విండోస్‌లో కోలన్ బదులు సెమీకోలన్.

అప్పటికీ "ప్యాకేజ్ డజ్ నాట్ ఎగ్జిస్ట్" ఎర్రరే వస్తే "జార్ టీఎఫ్" కమాండ్ తర్వాత ఫైల్ పేరు ఇచ్చి లోపలి లిస్ట్ చూడండి. కామన్స్ లాంగ్ 2లో ప్యాకేజ్ పేరు "లాంగ్", 3లో "లాంగ్3". పాత జార్ దించుకుని ఉంటే క్లాస్‌పాత్‌లో ఎన్ని మార్పులు చేసినా "లాంగ్3" ఇంపోర్ట్ దొరకదు.