స్నేహితులు పక్కనుంటే మా అబ్బాయి ముందూ వెనకా చూడడు.. ఏం చేయాలి?

ప్రశ్న: మా అబ్బాయికి 15 ఏళ్లు. బాగా చదువుతాడు. మంచీచెడూ గురించి మాతో పెద్దవాడిలా మాట్లాడతాడు. స్నేహితులతో ఉన్నప్పుడు మాత్రం ఆ తెలివి ఏమవుతుందో తెలియదు. మొన్న ఒకే బండి మీద ముగ్గురు, హెల్మెట్ కూడా లేకుండా తిరిగారట. అడిగితే మొదట అబద్ధం చెప్పాడు. గట్టిగా నిలదీస్తే ‘అందరూ ఎక్కారు, నేనూ ఎక్కాను’ అన్నాడు. ఫోన్ తీసేసుకుని, బయటికి పంపడం మానేశాం. చిన్నప్పటి నుంచీ వాడి విషయాలన్నీ మేమే చూసుకుంటున్నాం. సొంతంగా సరైన నిర్ణయాలు తీసుకోవడం ఎలా నేర్పాలి? డాక్టర్‌కు చూపించాలా?
- ఒక తల్లి

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి ఇది జబ్బులా కనిపించడం లేదు. మీతో అంత చక్కగా మాట్లాడే పిల్లవాడు బండి ఎక్కేటప్పుడు అవన్నీ ఎలా మరిచిపోతాడని మీ బాధ. ఈ వయసులో ఆ రెండూ ఒకే పిల్లవాడిలో ఉండటం సహజమే. ప్రశాంతంగా కూర్చుని ఆలోచించడంలో 16 ఏళ్ల పిల్లలు ఇంచుమించు పెద్దవాళ్లతో సమానం. ఉత్సాహం పొంగినప్పుడు, పక్కన నలుగురు చూస్తున్నప్పుడు తమను తాము ఆపుకోవడమే ఇంకా రాదు. సరదా, మెప్పు కోరే మెదడు భాగాలు యుక్తవయసు మొదలవగానే చురుగ్గా మారతాయి. వాటికి కళ్లెం వేసే ప్రీఫ్రంటల్ కార్టెక్స్, అంటే నుదుటి వెనకుండే మెదడు భాగం, ఇరవైల మధ్య వరకు ఎదుగుతూనే ఉంటుంది. అంటే అప్పటిదాకా బాధ్యత రాదని కాదు. అభ్యాసంతోనే ఆ కళ్లెం బలపడుతుంది.

మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టెయిన్‌బర్గ్ అనే ఇద్దరు పరిశోధకులు 2005లో వెలువరించిన అధ్యయనం ఒకటి మీకు చెప్పాలి. టీనేజర్లతో, యువకులతో, పెద్దవాళ్లతో కంప్యూటర్‌లో కారు నడిపే ఆట ఆడించారు. పసుపు లైటు వెలిగాక ఆగాలా, ఇంకాస్త ముందుకెళ్లాలా అన్నది ఆడేవాళ్ల ఇష్టం. తోటివాళ్లు చూస్తున్నప్పుడు టీనేజర్లు ఒంటరిగా ఆడినప్పటికంటే చాలా ఎక్కువ రిస్కు తీసుకున్నారు. పెద్దవాళ్లలో అంత తేడా రాలేదు.

అందుకే ‘ప్రమాదమని తెలియదా?’ అని అడిగి లాభం లేదు. తెలుసు. ఆ నిమిషంలో ఆలోచించే వీలు తక్కువ కాబట్టి, ఆలోచించే పని ముందే అయిపోవాలి. కోపాలు చల్లారిన రోజు చూసుకుని ‘మళ్లీ ముగ్గురూ ఒకే బండి ఎక్కుదామంటే ఏమంటావు?’ అని అడగండి. జవాబు మీరు అందించవద్దు. నలుగురిలో చిన్నబోకుండా తప్పుకునే మాట ఏదో వాడే వెతుక్కోవాలి. ఏమీ తోచకపోతే ‘మా నాన్న ఊరుకోరు’ అని మీ మీద నెట్టేయడానికి అనుమతి ఇవ్వండి. ఒక గుర్తు కూడా అనుకోండి. వాడు ఫలానా అక్షరం మెసేజ్ పెడితే మీరు వెంటనే ఫోన్ చేసి ‘పని ఉంది, ఇంటికి రా’ అనాలి, అవసరమైతే వెళ్లి తీసుకురావాలి. ఆ రాత్రి ఒక్క ప్రశ్న కూడా వేయకూడదు. మాట్లాడేది మర్నాడే. ఇది చాలామంది తల్లిదండ్రులకు మింగుడుపడదు, ‘అలుసైపోతాం’ అంటారు. కానీ నిజం చెబితే ఎంత తిట్టు పడుతుందో పిల్లలు ముందే లెక్క వేసుకుంటారు. మీవాడి మొదటి అబద్ధం అలా వచ్చిందేనని నా అనుమానం.

ఇక మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది, అన్నీ మేమే చూసుకుంటున్నాం అన్న మాట. ప్రేమతోనే చేశారు, కాదనను. కానీ చిన్న నిర్ణయాలు కూడా తీసుకోని పిల్లవాడు పెద్దది ఎదురైనప్పుడు పక్కవాళ్ల ముఖాలు చూస్తాడు. చదువుకునే వేళలు, బట్టలు, జుట్టు, చేతిఖర్చు, సెలవు రోజు ఎలా గడపాలన్నది ఇవాళ్టి నుంచే వాడికి వదిలేయండి. చేతిఖర్చు నాలుగు రోజుల్లో అయిపోతే మళ్లీ ఇవ్వకండి, ‘ముందే చెప్పానా’ అనీ అనకండి. మిగతా రోజులు ఎలా గడపాలో వాడే చూసుకుంటాడు. మీ ఉపన్యాసం కంటే అది ఎక్కువ నేర్పుతుంది. ఏ కోర్సులో చేరాలి, ఫోన్ ఎంతసేపు వాడాలి లాంటివి కలిసి తేల్చుకోండి. ప్రాణం మీదికి తెచ్చేవి, అంటే బండి, మద్యం, మత్తు పదార్థాలు, లోతు తెలియని నీళ్లు, వీటిలో మాత్రం బేరం లేదు. ఆ నిబంధనలు కొద్దిగానే ఉండాలి, వాటికి కారణమూ చెప్పాలి.

శిక్ష వద్దనను. ఎప్పటివరకో చెప్పని శిక్ష వల్ల మాత్రం పగ తప్ప ఏమీ మిగలదు. ఫోన్‌కూ బండికీ సంబంధం లేదు కాబట్టి అది ఇచ్చేయండి. బయటికి పంపడం ఏ తేదీ నుంచో, ఏ షరతు మీదో ఇవాళే చెప్పండి. ‘ఎందుకు చేశావు?’ అంటే సాకులు వస్తాయి. ‘ఎక్కే ముందు ఒక్క క్షణమైనా వద్దనిపించిందా?’ అని అడిగి చూడండి. చాలామంది పిల్లలు అనిపించిందనే అంటారు. వాడు పట్టించుకోవాల్సింది ఆ క్షణాన్నే.

నిద్ర సంగతీ చూడండి. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు 8-10 గంటల నిద్ర కావాలి. ఈ వయసులో నిద్రవేళ సహజంగానే వెనక్కి జరుగుతుంది, పొద్దున్నే లేవక తప్పదు. నిద్ర చాలని మెదడు తొందరపడుతుంది.

డాక్టర్ విషయానికొస్తే, మీరు చెప్పిన లక్షణాలకు స్కానింగ్‌లు, పరీక్షలు, టానిక్‌లు అవసరం లేదు. చిన్నప్పటి నుంచే ఇంట్లోనూ బడిలోనూ కుదురు లేకపోతే ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత, నిలకడ కుదరని సమస్య) ఉందేమో చూపించుకోవాలి. ఉన్నట్టుండి మార్కులు పడిపోయినా, ఎవరితోనూ కలవకపోయినా, మత్తు అలవాటు అనుమానం వచ్చినా సైకియాట్రిస్ట్‌ను గానీ క్లినికల్ సైకాలజిస్ట్‌ను గానీ కలవండి. చనిపోతానన్న మాట వాడి నోట వచ్చినా, ఒంటి మీద కోసుకున్న గుర్తులు కనిపించినా అదే రోజు తీసుకెళ్లండి, ఒంటరిగా వదలకండి. ఎప్పుడు వెళ్లినా కాసేపు మీరు గది బయట కూర్చుని, డాక్టర్‌తో వాణ్ని ఒంటరిగా మాట్లాడనివ్వండి.