ఓటు గుంటూరులో, కాపురం విజయవాడలో: ఇలా మార్చుకోండి

విజయవాడ వచ్చి రెండేళ్లయినా ఓటు గుంటూరులోనే ఉండిపోయిందని, ఒక్క ఓటు కోసం ఇంత తిరగాలా అని అడిగారు కదా బ్రదర్. 2019లో మన విజయవాడ సెంట్రల్ అసెంబ్లీ సీటు తేలింది 25 ఓట్ల తేడాతో. మా అపార్ట్‌మెంట్‌లో ఒక్క ఫ్లోర్ వాళ్లు చాలు! ఎవరు గెలిచినా ఒకటే అన్నారు, కానీ 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగాక కట్టలు, కాలువల గురించి ఎవరేం చేశారో అడగాలంటే ఇక్కడ ఓటు ఉంటేనే ఆ మాటకి బరువు.

ఇక తిరగడమంటారా, పెద్దగా ఏమీ లేదు. ఫారం 6 పెట్టకండి, అది కొత్త ఓటర్లకి. ఇల్లు మారితే ఫారం 8, ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లోనే నింపి, పాత ఓటరు కార్డు నంబరు ఇచ్చి, కొత్త అడ్రస్‌కి ఆధారంగా రిజిస్టర్ చేసిన అద్దె అగ్రిమెంటో, ఇక్కడి అడ్రస్ ఉన్న బ్యాంకు పాస్‌బుక్కో పెడితే సరిపోతుంది. బీఎల్‌ఓ (మన పోలింగ్ బూత్ ఓటర్ల లిస్టు చూసే అధికారి) చూడ్డానికి ఇంటికి రావచ్చు, తాళం వేసి ఉంటే పని ఆగిపోవచ్చు. ఎన్నికల టైం దాకా మాత్రం ఆగొద్దు.

ఇంకోటి, కార్డు చేతిలో ఉంటే చాలదు, లిస్టులో పేరుండాలి. మా బాబాయి కార్డు పట్టుకుని ఎండలో గంట నిలబడి, పేరు లేదంటే తిరిగొచ్చాడు. డౌటుంటే 1950కి ఫోన్ చేయండి.